దవడ కీలు బిగింపు, ముఖ వంకర: శస్త్రచికిత్స

చెవికి సరిగ్గా ముందు, కింది దవడ పుర్రెతో కలిసే చోట ఉన్న కీలు కదలిక కోల్పోయి నోరు తెరుచుకోకపోవడాన్ని దవడ కీలు బిగింపు అంటారు. ఆసుపత్రుల్లో దీన్ని టీఎంజే ఆంకైలోసిస్ అంటారు. పెద్దయ్యాక వస్తే ఇది తిండికీ మాటకూ పరిమితమైన ఇబ్బంది. ఎదిగే వయసులో వస్తే ముఖం రూపే మారిపోతుంది. బిగుసుకున్న పక్క దవడ పెరగదు, గడ్డం అటు జరుగుతుంది, పళ్ళ వరుస ఏటవాలుగా తయారవుతుంది. అందువల్ల పిల్లల్లో కీలు బిగింపునూ ముఖ వంకరనూ రెండు వేర్వేరు జబ్బులుగా లెక్కించడం కుదరదు. మొదటిది తెచ్చిపెట్టిందే రెండోది. వాటిలో ఏది ముందు సరిచేయాలన్నదే సర్జన్ల మధ్య ఈనాటికీ తెగని చర్చ.

కీలు నిర్మాణం

కింది దవడ ఎముక రెండు చివర్లూ చెవుల వైపు నిలువుగా లేచి ఉంటాయి. ఒక్కో నిలువు భాగం కొసన రెండు మొనలుంటాయి. వెనకది కాండైల్ అనే గుండ్రటి తల. అది కణత ఎముకలోని గుంటలో కూర్చుంటుంది, మధ్యలో పల్చటి పీచు బిళ్ళ ఉంటుంది. ముందుది కొరొనాయిడ్. నమలడానికి తోడ్పడే కణత కండరం వచ్చి దీన్ని పట్టుకుంటుంది.

ఈ కీలు తలుపు బందులాగా ఉన్నచోటే తిరిగి ఊరుకోదు. నోరు తెరవడం మొదలుపెట్టినప్పుడు కాండైల్ గుంటలోనే తిరుగుతుంది. రెండు సెంటీమీటర్లు దాటాక బిళ్ళతో సహా ముందుకూ కిందికీ జారుతుంది. చెవి ముందు వేలు ఆనించి నోరు బాగా తెరిస్తే ఆ జారుడు తెలుస్తుంది. పెద్దవాళ్ళలో పై, కింది ముందు పళ్ళ మధ్య సాధారణంగా 35 నుంచి 50 మిల్లీమీటర్ల దూరం వస్తుంది. ఎవరి మూడు వేళ్ళు వాళ్ళ నోట్లో ఒకదాని మీద ఒకటిగా పడితే ఫరవాలేదన్నది ఓపీలో వాడే మోటు కొలత. రెండు కీళ్ళూ ఒకే ఎముకవి కాబట్టి ఒకటి బిగుసుకుంటే రెండోది నిక్షేపంగా ఉన్నా ప్రయోజనం లేదు.

కారణాలు

మన దేశంలో మొదటి కారణం దెబ్బ, అందులోనూ చిన్నతనంలో గడ్డం నేలకు తగిలేలా పడటం. మెట్ల మీద నుంచో, అరుగు మీద నుంచో, సైకిల్ మీద నుంచో పిల్ల బోర్లా పడుతుంది. గడ్డానికి తగిలిన దెబ్బ బలం దవడ ఎముక వెంట నేరుగా కీలు దాకా పోతుంది. పెద్దవాళ్ళకైతే కాండైల్ కింద సన్నగా ఉండే మెడ విరుగుతుంది. పసిపిల్లల్లో ఆ మెడ పొట్టిగా, మందంగా ఉంటుంది. కాండైల్ తల పైపొర పల్చన, లోపల రక్తం ఎక్కువ. దాంతో మెడ నిలబడి తల చితికిపోతుంది, కీలు సంచి నిండా రక్తం చేరుతుంది. గడ్డం కింద చిట్లిన చర్మానికి కుట్లు వేసి ఇంటికి పంపేస్తారు. చెవి ముందు ఏదో జరిగిందన్న అనుమానం ఎవరికీ రాదు. నొప్పికి భయపడి పిల్ల నోరు తెరవడం తగ్గిస్తుంది. కదలిక లేని కీలులో గడ్డకట్టిన రక్తం పీచుగా మారుతుంది, ఆ పీచు క్రమంగా ఎముక అవుతుంది. ఏళ్ళ తర్వాత నోరు తెరుచుకోవడం లేదని వచ్చిన పిల్లల్లో చాలామందికి గడ్డం కింద పాత మచ్చ కనిపిస్తుంది. అనుభవమున్న సర్జన్ తల పైకెత్తించి మొదట చూసేది దాన్నే.

అందుకే పిల్లల్లో కాండైల్ విరిగినట్టు తేలితే పై, కింది పళ్ళను తీగలతో కట్టి ఉంచే కాలాన్ని వీలైనంత కుదిస్తారు. వారం, పది రోజులు దాటనివ్వరు, కొందరికి అసలే కట్టరు. విరిగిన చెయ్యిలాగా కదలకుండా ఉంచాలనుకోవడం ఇక్కడ కీడే చేస్తుంది.

ఇన్ఫెక్షన్ రెండో కారణం. చీము కారే చెవిని పట్టించుకోకపోతే ఆ చీము పక్కనే ఉన్న కీలుకు పాకుతుంది. యాంటీబయాటిక్స్ వచ్చాక ఈ దారిన వచ్చే కేసులు బాగా తగ్గాయి. పట్టుకారు వేసి తీసిన కాన్పులో కీలుకు దెబ్బ తగలడం, కీళ్ళవాతం, వెన్నెముకను బిగించే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ మిగతా కారణాలు. ఒకసారి ఆపరేషన్ చేసిన కీలు మళ్ళీ బిగుసుకోవడం కూడా తక్కువేం కాదు.

నోరు తెరుచుకోనంత మాత్రాన తప్పు కీలుదే అనుకోకూడదు. గుట్కా, వక్క నమిలేవాళ్ళలో బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు మూసుకుపోతుంది. ఇది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. వేలితో బుగ్గ లోపల తడిమితే నిలువు పట్టీలు గట్టిగా తగులుతాయి, కీలు మాత్రం బాగానే ఉంటుంది. జ్ఞానదంతం దగ్గర చీము పట్టినా, ధనుర్వాతం వచ్చినా దవడ బిగుస్తుంది. వీటి చికిత్స పూర్తిగా వేరు.

ముఖం ఎలా మారుతుంది

కింది దవడ పెరుగుదలకు కాండైల్ మీది మృదులాస్థే మూలమని ఒకప్పుడు అనుకునేవారు. 1960ల్లో మెల్విన్ మాస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు దీన్ని తిరగేశాడు. చుట్టూ ఉన్న కండరాలూ కదలికలూ లాగితేనే ఎముక పెరుగుతుందని వాదించాడు. ఏది ఎంత పాలో ఇప్పటికీ వాదన ఉన్నా, బిగుసుకున్న కీలులో రెండూ ఒకేసారి పోతాయి. మృదులాస్థి నాశనమవుతుంది, కదలికా ఉండదు. నిలువు ఎముక పొట్టిగా మిగిలిపోతుంది. కండరాలు ఊరికే లాగుతూ ఉండటంతో దవడ కింది అంచున లోతైన నొక్కు పడుతుంది, కొరొనాయిడ్ పొడుగ్గా సాగుతుంది. కింది దవడ పెరగని పక్క పై దవడ కూడా కిందికి దిగదు. అందుకే పళ్ళ మధ్య ఐస్‌క్రీమ్ పుల్ల అడ్డంగా కరిపించి చూస్తే అది కళ్ళ గీతకు సమాంతరంగా కాకుండా ఏటవాలుగా నిలుస్తుంది.

ఒక పక్క బిగింపులో కొత్తవాళ్ళు తరచూ బోల్తా పడే సంగతి ఒకటుంది. జబ్బున్న పక్క చెంప నిండుగా, గుండ్రంగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. ఎముక పొట్టిగా ఉండి మీది కండ అంతా కుప్పపడటమే అందుకు కారణం. బాగున్న పక్కేమో సాగదీసినట్టు చదునుగా ఉంటుంది. తల్లిదండ్రులు ఆ చదును చెంపనే చూపించి ఇటువైపే తేడా ఉందంటారు. గడ్డం ఎటు తిరిగి ఉందో చూడటమే నమ్మకమైన గుర్తు. అది జబ్బు పక్కకే జరుగుతుంది.

రెండు పక్కలా బిగుసుకుంటే వంకర ఉండదు. గడ్డమే లేనట్టు కింది దవడ వెనక్కి పోయి ముఖం పక్షి ముఖంలా కనిపిస్తుంది. దీని అసలు ప్రమాదం బయటికి కనపడదు. దవడతోపాటు నాలుకా వెనక్కి జరిగి గాలి దారి ఇరుకవుతుంది. రాత్రిళ్ళు పిల్ల పెద్దగా గురక పెడుతుంది, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంది, పగలంతా మగతగా ఉంటుంది. బరువు పెరగదు. తిండి ఎలా తింటోందని అడిగితే కడుపు తరుక్కుపోయే జవాబులే వస్తాయి. ఊడిన పన్ను సందులోంచో, చివరి దవడపన్ను వెనక ఖాళీలోంచో మెత్తగా పిసికిన పప్పన్నం వేలితో లోపలికి తోస్తారు. బ్రష్ లోపలికి పోదు కాబట్టి పళ్ళు వరసగా పుచ్చిపోతాయి, వాటిని బాగు చేయడానికి దంత వైద్యుడి చెయ్యీ పోదు.

వంకర ముఖాలన్నిటికీ కీలు బిగింపే కారణం కాదు. యుక్తవయసులో, ఎక్కువగా ఆడపిల్లల్లో, ఒక పక్క కాండైల్ ఆగకుండా పెరుగుతూ పోవడం ఒక రకం. ఇందులో గడ్డం బాగున్న పక్కకు జరుగుతుంది, నోరు మాత్రం మామూలుగానే తెరుచుకుంటుంది. 1986లో ఓబ్వెగెసర్, మాకెక్ దీన్ని రకాలుగా విడదీశారు. ఎముక ఇంకా పెరుగుతోందా, ఆగిందా అన్నది టెక్నీషియం స్కాన్‌లో చూస్తారు. పెరుగుతూ ఉంటే కాండైల్ పైభాగం కొన్ని మిల్లీమీటర్లు చెక్కేస్తారు. ఆగిపోయి ఉంటే కీలు జోలికి పోకుండా దవడనే సరిచేయవచ్చు. పుట్టుకతోనే ఒక పక్క చెవీ దవడా చిన్నవిగా ఉండే హెమీఫేషియల్ మైక్రోసోమియా మరో రకం. ఒక పక్క చర్మం, కొవ్వు క్రమంగా కరిగిపోయే పారీ రాంబర్గ్ జబ్బులో ఎముక కన్నా పైకండ నింపడమే పెద్ద పని.

నిర్ధారణ, వర్గీకరణ

సీటీ స్కాన్ లేకుండా ఇప్పుడు ఎవరూ ఈ కీలు తెరవరు. బిగింపు పీచుదా ఎముకదా, అతుక్కున్న ముద్ద ఎంత లోపలికి పోయింది, పుర్రె అడుగుభాగం నుంచి ఎంత దూరంలో ఉంది, కీలు వెనక నుంచి లోపలి పక్కగా పోయే మాక్సిల్లరీ ధమని దానికి అంటుకుని ఉందా అన్నవి ముందే తెలియాలి.

ఎక్కువగా వాడే వర్గీకరణ మన దేశంలో పుట్టిందే. చండీగఢ్ పీజీఐలో సి.పి. సాహ్నీ 70 మంది రోగుల అనుభవంతో 1986లో దాన్ని ప్రచురించాడు. మొదటి రకంలో కాండైల్ చదునై చుట్టూ పీచు పట్టి ఉంటుంది. రెండో దానిలో బయటి అంచున మాత్రమే ఎముక అతుక్కుని, లోపలి భాగం బాగుంటుంది. మూడో రకంలో దవడ నిలువు ఎముక నుంచి చెంప ఎముక దాకా ఎముక వంతెన కడుతుంది, కాండైల్ ముక్క లోపలి పక్కన చిక్కుకుని ఉంటుంది. నాలుగో రకంలో కీలు గుర్తే మిగలదు, మొత్తం ఒకే ఎముక దిమ్మె. రెండు, మూడు రకాల్లో లోపల మిగిలిన కాండైల్‌ను అలాగే కాపాడి బయటి వంతెనను మాత్రం తీసేయవచ్చు. సొంత కీలు దక్కుతుంది కాబట్టి ఈ పద్ధతికి ఆదరణ పెరిగింది.

మత్తు

నోరు తెరుచుకోని మనిషికి మత్తివ్వడం ఆపరేషన్ కన్నా ముందు వచ్చే గండం. మామూలుగా మత్తిచ్చాక నోరు తెరిచి, స్వరపేటిక చూస్తూ గొట్టం వేస్తారు. ఇక్కడ ఆ దారి మూసి ఉంది. మత్తు లోతుగా ఇచ్చేస్తే నాలుక వెనక్కి పడి ఊపిరి ఆగవచ్చు, అప్పుడు నోటి ద్వారా చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. రోగిని మెలకువలోనో, తనంతట తాను ఊపిరి తీసుకునేంత తేలిక మత్తులోనో ఉంచి, ముక్కులోంచి సన్నటి ఫైబర్‌ఆప్టిక్ స్కోప్ పోనిచ్చి, దాని మీదుగా గొట్టం దింపడమే భద్రమైన దారి. ఆ పరికరం లేని రోజుల్లో ఊపిరి చప్పుడును బట్టి గుడ్డిగా ముక్కులోంచి వేసేవారు. ఏదీ కుదరకపోతే గొంతు ముందు రంధ్రం చేయడమే. గురకతో ఊపిరి ఆగే పిల్లల్లో ఆపరేషన్ తర్వాతి మొదటి రాత్రి కూడా అంతే జాగ్రత్త కావాలి.

కీలు విడిపించడం

పందొమ్మిదో శతాబ్దంలో దవడ ఎముకను ఎక్కడో ఒకచోట కోసి ఖాళీ చేసి వదిలేసేవారు. ఆ ఖాళీ మళ్ళీ ఎముకతో పూడిపోయేది. మధ్యలో ఏదైనా అడ్డు పెట్టాలన్న ఆలోచనకు 1914లో షికాగో సర్జన్ జాన్ మర్ఫీ ప్రాచుర్యం తెచ్చాడు, కణత కండరం పొరను మడిచి కీలులో పరిచాడు. సాహ్నీ అడ్డుగా వాడింది అక్రిలిక్ ముక్క. ఇవన్నీ ఒక వరుసలోకి వచ్చింది 1990లో. అమెరికాకు చెందిన లెనార్డ్ కాబన్ బృందం ప్రచురించిన ఆ క్రమం ఈనాటికీ పాఠంగా ఉంది.

కోత చెవి ముందు నుంచి మొదలై వెంట్రుకల్లోకి వంగి పోతుంది. ఆ ఆకారాన్ని 1979లో అల్ కాయత్, బ్రామ్లీ సూచించారు. ముఖ నాడి పై కొమ్మ చెవి రంధ్రానికి ముందు 8 నుంచి 35 మిల్లీమీటర్ల దూరంలో ఎక్కడైనా చెంప ఎముకను దాటవచ్చని వాళ్ళు శవాలను కోసి కొలిచారు. ఆ నాడి పొరతో పాటే పైకి లేచిపోయేలా లోతుగా దిగాలి. అది నలిగితే కనుబొమ ఎగరెయ్యలేరు, నుదుట ముడత పడదు. చాలాసార్లు కొన్ని నెలల్లో కోలుకుంటుంది.

లోపల కీలు గీత కోసం వెతికితే కనపడదు. దవడా పుర్రే ఒకే తెల్లటి దిమ్మెగా ఉంటాయి. ఎక్కడ కోయాలో సీటీ చూసి నిర్ణయించుకుని ఎముకను తొలిచే బర్‌తో పైనా కిందా రెండు గాట్లు పెడతారు. చివరి పల్చటి పొరను ఉలితో తిప్పి విరగ్గొడతారు. అక్కడ బర్ లోపలికి జారితే ధమని తెగుతుంది, పైకి పోతే మెదడు పొర తగులుతుంది. లోపలి చివర ఎముక కాస్త వదిలేయాలని ప్రతి చేతికీ అనిపిస్తుంది. మళ్ళీ బిగుసుకున్న కేసులు తెరిచి చూస్తే తరచూ కనిపించేది సరిగ్గా ఆ వదిలేసిన ముక్కే. అడ్డు పెట్టకుండా చేసే పద్ధతిలో ఖాళీ ఒక సెంటీమీటరుకు తగ్గకూడదు, ఒకటిన్నర ఉంటే మేలు.

తర్వాత అదే పక్క సాగిపోయిన కొరొనాయిడ్ తీసేస్తారు. ఇక అక్కడే, బల్ల మీదే, స్కేలుతో కొలుస్తారు. బలం చేయకుండా 35 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. రాకపోతే బాగున్న పక్క కొరొనాయిడ్ కూడా తీయాలి, ఏళ్ళ తరబడి కదలక అటు కండరమూ కుదించుకుపోయి ఉంటుంది. ఆ పైన కణత కండరం పొర పరిచి, పోయిన ఎముకకు బదులు కట్టి, తొందరగా కదిలించడం మొదలుపెడతారు.

బదులు ఏం పెట్టాలి

పక్కటెముక చివర మృదులాస్థితో సహా తీసి కొత్త కాండైల్‌గా అమర్చడం పాత పద్ధతి. 1920లో హెరాల్డ్ గిలీస్ చేశాడు. 1970ల్లో పోస్విల్లో కోతుల మీద ప్రయోగాలతో దీనికి శాస్త్రీయ బలం తెచ్చాడు. దీనిలో మెచ్చుకోవలసిందీ తలనొప్పీ ఒక్కటే: అది పెరుగుతుంది. కొందరిలో చాలినంత పెరగదు. కొందరిలో అవసరానికి మించి పెరిగి గడ్డాన్ని రెండో పక్కకు తోసేస్తుంది. ముందే చెప్పడం కష్టం. మృదులాస్థిని కొన్ని మిల్లీమీటర్లకు మించి ఉంచకపోతే ఆ ముప్పు తగ్గుతుంది.

రెండో దారి ఎముక సాగదీయడం. సోవియట్ కుర్గాన్‌లో 1950ల్లో ఇలిజరోవ్ కాళ్ళకు చేసినదాన్ని 1992లో న్యూయార్క్‌లో జోసెఫ్ మెకార్థీ నలుగురు పిల్లల దవడలకు చేసి చూపించాడు. ఎముకకు కోత పెట్టి, మరల పరికరం బిగించి, వారం లోపు ఆగి, ఆపైన రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున తిప్పుతారు. సందులో కొత్త ఎముక పుడుతుంది. అది గట్టిపడటానికి రెండు, మూడు నెలలు పరికరం అలాగే ఉంచాలి. ఎముకతోపాటు చర్మం, కండరం కూడా సాగుతాయి కాబట్టి మళ్ళీ వెనక్కి లాగే గుణం తక్కువ.

పెద్దవాళ్ళకు కృత్రిమ కీలు ఉంది. దీని చరిత్రలో ఒక చేదు అధ్యాయం ఉంది. 1980ల్లో ప్రోప్లాస్ట్ టెఫ్లాన్ ఇంప్లాంట్లు చాలామందికి వేశారు. అవి అరిగి ముక్కలై, శరీరం వాటిమీద తిరగబడి, ఎముక కరిగిపోయింది. 1990లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత రోగి సొంత సీటీని బట్టి టైటానియం, కోబాల్ట్ క్రోమ్, గట్టి పాలిథిలీన్‌తో చేసే కీలుకు 1999లో అక్కడ ఆమోదం దొరికింది. రెండు మూడుసార్లు తిరగబెట్టిన కేసుల్లో ఇదే ఆశ. చుట్టూ కొవ్వు నింపితే కొత్త ఎముక చేరదని లారీ వుల్ఫర్డ్ చూపించాడు. లోహం పెరగదు కాబట్టి చిన్నపిల్లలకు ఇది మొదటి ఎంపిక కాదు, ఖరీదూ ఎక్కువ.

వంకర ఎప్పుడు సరిచేయాలి

చాలాకాలం పాటు కీలు ముందు, ముఖం తర్వాత అన్నదే నియమం. నోరు తెరిచాక పిల్ల పెరుగుతుంది, దవడా కొంత పెరుగుతుంది, మిగిలిన వంకర పద్దెనిమిది దాటాక చూద్దామనేవారు. ఊపిరి ఆగే పిల్లల విషయంలో ఇది బెడిసికొట్టింది. వెనక్కి పోయిన దవడను విడిపిస్తే ఆధారం కోల్పోయి ఇంకా వెనక్కి జరిగే ప్రమాదం ఉంది. అందుకని కీలు బిగుసుకుని ఉండగానే ముందు దవడ సాగదీసే పద్ధతి వచ్చింది, మన దేశపు సర్జన్లు దీన్ని విరివిగా వాడుతున్నారు. బిగుసుకున్న కీలు గట్టి గోడగా పనిచేసి సాగిన పొడవంతా గడ్డం వైపే పోతుంది, గాలి దారి విచ్చుకుంటుంది, రెండోసారి మత్తివ్వడం తేలికవుతుంది. ఆ పిల్ల ఇంకొన్ని నెలలు మూసిన నోటితోనే గడపాలి, అది దీనికి చెల్లించే ధర. కీలు విడిపించి, అదే ఆపరేషన్‌లో సాగదీస్తే తోపుడు సగం ఖాళీ చేసిన కీలు వైపే పోతుంది. గాలి దారి ఇరుకుగా ఉన్న పిల్లలకు ముందు సాగదీయడమే సబబు. ఊపిరి బాగుంటే కీలు ముందు విడిపించడంలో తప్పు లేదు.

పెరుగుదల ఆగాక మిగిలిన వంకరకు మామూలు దవడ ఆపరేషన్లు పనికొస్తాయి. ముందు క్లిప్పులతో పళ్ళ వరుస సర్దుతారు. పై దవడను లెఫోర్ట్ కోతతో విడదీసి ఏటవాలు పోగొడతారు. కింది దవడకు 1957లో ట్రౌనర్, ఓబ్వెగెసర్ ప్రచురించిన నిలువు చీలిక చేసి తిప్పుతారు. గడ్డం ముక్కను కోసి మధ్యకు జరపడం వీటిలో చిన్నది, చూపుకు మాత్రం పెద్ద తేడా తెస్తుంది. కింది పెదవి కొంతకాలం మొద్దుబారడం, కొందరిలో అలాగే ఉండిపోవడం ముందే చెప్పాల్సిన సంగతి.

వ్యాయామం, తిరగబెట్టడం

బల్ల మీద వచ్చిన 35 మిల్లీమీటర్లు ఇంటికి వెళ్ళాక నిలవాలి. పక్కటెముక పెట్టకపోతే మర్నాడే, పెడితే సుమారు పది రోజులకు వ్యాయామం మొదలవుతుంది. దవడపళ్ళ మధ్య ఐస్‌క్రీమ్ పుల్లలు కట్టగా పెట్టి, రెండు రోజులకో మూడు రోజులకో ఒక పుల్ల పెంచుతారు. లేదంటే మరతో తెరుచుకునే హైస్టర్ పరికరం వాడతారు. రోజుకు అయిదారు సార్లు, ఆరు నెలల నుంచి ఏడాది దాకా. మొదటి వారాల్లో పిల్ల ఏడుస్తుంది, పెదవి కొసలు చిట్లుతాయి. చూడలేక తల్లి రోజుకు ఒకటి రెండు సార్లకు తగ్గిస్తుంది. నెల తర్వాత కొలిస్తే 30, ఇంకో నెలకు 22. అందుకని ఆపరేషన్ తేదీ ఇచ్చే ముందే ఇంట్లో ఎవరు చేయిస్తారో అడిగి, వాళ్ళ చేత ఓపీలో చేయించి చూసే యూనిట్లు ఉన్నాయి. నొప్పి మందు వ్యాయామానికి అరగంట ముందు వేయమంటారు. దూర గ్రామాల వాళ్ళకు ఫోన్‌లో వారానికోసారి కొలత పంపమని స్కేలు ఇచ్చి పంపుతారు.

తిరగబెడితే రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం. మచ్చల్లో ముఖ నాడి ఎక్కడుందో పోల్చుకోవడం గగనమవుతుంది, ఎముక మరింత గట్టిగా, విశాలంగా పేరుకుని ఉంటుంది. ఎక్కువమందిలో ఇది మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది. అయినా పక్కటెముక పెట్టిన పిల్లలను మాత్రం పెరుగుదల పూర్తయ్యేదాకా ఏటా పిలిచి, నోరు ఎంత తెరుచుకుంటోందో, గడ్డం ఏ పక్కకు జరుగుతోందో రెండూ కొలవాల్సిందే.